కత్తి తీసే ముందు దారి చూసుకోండి: అసాసిన్స్ క్రీడ్ మొదటి భాగం ఆడే పద్ధతి

"అన్నా, నేనేమీ చెయ్యలేదు, ఊరికే నడుస్తుంటేనే గార్డులు మీద పడిపోతున్నారు" అని రాజాం నుంచి ఒక తమ్ముడు. "టార్గెట్‌ని చంపేశాను గానీ అక్కడి నుంచి బయటపడలేకపోతున్నాను" అని శ్రీకాకుళం నుంచి ఇంకొకరు. మాటలు వేరైనా నాకు వచ్చే ప్రశ్నలు చాలావరకు ఈ రెండే. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ఇది 2007లో కన్సోళ్లకు, 2008లో పీసీకి వచ్చిన మొదటి అసాసిన్స్ క్రీడ్ గురించి. తర్వాతి భాగాలు ఆడి దీనికి వచ్చినవాళ్లు ఆ అలవాట్లు కాస్త పక్కన పెట్టాలి. కాలం 1191, మూడో క్రూసేడ్ (జెరూసలేం కోసం క్రైస్తవ, ముస్లిం సైన్యాల మధ్య జరిగిన యుద్ధం) రోజులు. ఊళ్లు డమాస్కస్, ఏకర్, జెరూసలేం. మీరు అల్తాయిర్ అనే హంతకుడు. కథ ఇంతకు మించి చెప్పను, ఆడి తెలుసుకోండి.

ఒక్క విషయం మాత్రం ముందే పట్టుకోండి. ఈ ఆటలో పని చీకటి మూలల్లో నక్కడంతో అవ్వదు. పట్టపగలు, నడి బజారులో, మామూలు మనిషిలా కనిపించాలి. పని అయ్యాక ఏ సందులోంచి పోవాలో కత్తి తీయకముందే తెలిసుండాలి. కింద రాసిందంతా ఈ రెండింటి కోసమే.

1. కూర్చునే ముందు చూసుకోవాల్సినవి

కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. చాలా పాత ఆట కాబట్టి కాలేజీలో కొన్న లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. పీసీ వెర్షన్‌లో డైరెక్ట్‌ఎక్స్ 9కి ఒకటి, డైరెక్ట్‌ఎక్స్ 10కి ఒకటి, రెండు వేర్వేరు ఫైళ్లు ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు అంతంతమాత్రమైతే 9 తోనే మొదలుపెట్టండి.

ఈ ఆటలో సబ్‌టైటిల్స్ లేవు. సెట్టింగ్స్‌లో వెతికి విసిగిపోకండి, అసలు పెట్టనే లేదు. మనుషులేమో రకరకాల యాసల్లో ఇంగ్లీషు గబగబా మాట్లాడేస్తుంటారు. ఫ్యాను సౌండు, వీధిలో ఆటోల హారన్ల మధ్య లాప్‌టాప్ స్పీకర్లతో వింటే సగం మాటలు పోతాయి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. టార్గెట్ ఎక్కడుంటాడు, ఏ దారిలో కాపలా తక్కువ అన్న సంగతులన్నీ ఆ మాటల్లోనే దొరుకుతాయి.

మనంతట మనం సేవ్ చేసుకునే వీలు కూడా లేదు, ఆటే ఆటోసేవ్ చేసుకుంటుంది. వేసవి మధ్యాహ్నం మన జిల్లాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్లకు చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. లేదంటే ప్రతి చిన్న పనీ పూర్తి చేసి, సేవ్ గుర్తు తెర మీద మెరిసి పోయేదాకా ఆగి, అప్పుడు లేవండి.

గేమ్‌ప్యాడ్ ఉంటే వాడండి. ఈ ఆట బటన్ల పద్ధతి అంతా దాన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు. కీబోర్డు, మౌస్‌తో ఆడలేమని కాదు, వేళ్లకు అలవాటు కావడానికి కొంచెం టైమ్ పడుతుంది.

సరిచూసుకోండి:

- హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారా
- బ్రైట్‌నెస్ పెంచారా (జెరూసలేం సందులు కాస్త మసకగా ఉంటాయి)
- కంట్రోల్స్ పేజీ ఒకసారి పూర్తిగా చదివారా
- చిన్నపిల్లలు పక్కన లేరు కదా (నెత్తురు, హత్యలు ఉన్నాయి, అమెరికాలో దీనికి 17 ఏళ్లు నిండినవాళ్లకని రేటింగ్ ఇచ్చారు)

2. బటన్ల లెక్క: శరీరం నాలుగు ముక్కలు

మిగతా యాక్షన్ గేముల్లోలా దూకడానికి ఒకటి, కొట్టడానికి ఒకటి అని ఇక్కడ బటన్లు పంచలేదు. నాలుగు బటన్లు నాలుగు శరీర భాగాలు: తల, ఆయుధం ఉన్న చెయ్యి, ఖాళీ చెయ్యి, కాళ్లు. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో వరుసగా వై, ఎక్స్, బి, ఎ. ప్లేస్టేషన్‌లో ట్రయాంగిల్, స్క్వేర్, సర్కిల్, క్రాస్.

వీటికి తోడు అసలు తాళం చెవి ఇంకొకటి ఉంది: హై ప్రొఫైల్ బటన్. ఎక్స్‌బాక్స్‌లో కుడి ట్రిగ్గర్, ప్లేస్టేషన్‌లో ఆర్1. అది నొక్కి పట్టుకుంటే అదే బటన్ పని మారిపోతుంది. కాళ్ల బటన్ మామూలుగా నొక్కితే తలవంచి, చేతులు జోడించి, ప్రార్థన చేసుకుంటున్నవాడిలా నెమ్మదిగా నడుస్తాడు. హై ప్రొఫైల్‌తో కలిపి నొక్కితే పరుగు తీస్తాడు, గోడలెక్కుతాడు. ఖాళీ చెయ్యి మామూలుగా అయితే ఎదుటివాళ్లను మెల్లగా పక్కకు జరుపుతుంది. హై ప్రొఫైల్‌లో అయితే పట్టుకుని విసిరేస్తుంది.

మొదటి గంటలో టార్గెట్ గురించి ఆలోచించకండి. హంతకుల కోట ఉన్న మస్యాఫ్ ఊళ్లో అటూ ఇటూ తిరుగుతూ ఈ తేడా వేళ్లకు అలవాటు చేసుకోండి. అవసరం లేనప్పుడు కుడి ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసెయ్యడం నేర్చుకుంటే, "ఊరికే గార్డులు పడుతున్నారు" అన్న ఫిర్యాదు సగం పోతుంది.

3. నడక

ఈ విభాగం మాత్రం రెండుసార్లు చదవండి.

మంగళవారం సిరిమాను రోజున మూడు లాంతర్ల నుంచి కోట వైపు నడిచిన విజయనగరం వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ జనంలో తోసుకుంటూ పరుగెత్తేవాడినే అందరూ తిరిగి చూస్తారు, పోలీసు ఆపేదీ వాడినే. జనం ఎంత వేగంతో కదులుతుంటే అంతే వేగంతో కదిలేవాడు ఎవరి కంటా పడడు. డమాస్కస్ బజారులో గార్డు బుర్ర కూడా ఇలాగే పనిచేస్తుంది.

గార్డులకు అనుమానం తెప్పించే పనులు ఇవి:

- వాళ్ల ముందు నుంచి పరుగెత్తడం
- జనాన్ని గట్టిగా ఢీకొట్టడం
- అందరూ చూస్తుండగా గోడ ఎక్కడం
- తల మీద కుండలు, పెట్టెలు మోసుకెళ్తున్నవాళ్లకు తగిలి అవి పడేయడం
- విలుకాళ్లున్న డాబాల మీద తచ్చాడటం
- ఊళ్ల మధ్య దారిలో గార్డుల పక్క నుంచి గుర్రాన్ని దౌడు తీయించడం

చివరిది చాలామందికి తెలియదు. గుర్రమెక్కగానే పరుగు తీయించాలనిపిస్తుంది కదా. కాపలా చౌకీ దగ్గరకు వచ్చేసరికి దాన్ని నడక మీదకు తెచ్చేయండి. దాటాక మళ్లీ మీ ఇష్టం.

జనం దట్టంగా ఉన్నచోట ఖాళీ చెయ్యి బటన్ నొక్కి పట్టుకునే నడవండి. అల్తాయిర్ చేత్తో సుతారంగా జరుపుకుంటూ పోతాడు, ఎవరూ పడరు, కుండలు పగలవు. గార్డు దగ్గరకొచ్చి మీ వైపే చూస్తున్నాడనిపిస్తే కాళ్ల బటన్ పట్టుకుని ప్రార్థన నడకలోకి మారండి. చాలా నెమ్మదిగా ఉంటుంది, విసుగొస్తుంది కూడా. నిజం చెప్పాలంటే ఆట తయారుచేసినవాళ్లు దీన్ని కొంచెం వేగంగా పెట్టి ఉండాల్సింది. అయినా ఓపిక పట్టండి, పది అడుగుల కోసం పది నిమిషాల పోరాటం తెచ్చుకోవద్దు.

బిచ్చగత్తెలు చుట్టూ చేరి దారికి అడ్డం పడుతుంటారు, మతిస్థిమితం లేనివాళ్లు ఉన్నట్టుండి తోసేస్తారు. వీళ్ల మీద కోపంతో కత్తి తీశారో, అయిపోయారు. అమాయకులను చంపితే మీ సింక్రనైజేషన్ తగ్గుతుంది. ఈ ఆటలో ప్రాణం అంటే ఆ గీతే. అదే పని మళ్లీ మళ్లీ చేస్తే ఆట ఆగిపోయి వెనక్కి పంపేస్తుంది. తోసేవాడిని దూరం నుంచే గుర్తుపట్టి వీధికి అవతలి పక్క నుంచి పోవడమే మందు.

4. ఊళ్లోకి వెళ్లాక పనుల వరుస

కొత్త ఊరు రాగానే నేరుగా టార్గెట్ వైపు పోకూడదు. ఈ వరుసలో వెళ్లండి:

1. ప్రధాన ద్వారం దాటడం
2. బ్యూరోకు (ఆ ఊళ్లో హంతకుల రహస్య స్థావరం) వెళ్లి ఎక్కడెక్కడ వెతకాలో వినడం
3. ఎత్తైన గోపురాలెక్కి చుట్టూ చూడటం
4. దారిలో గార్డుల చేతిలో ఇబ్బంది పడుతున్నవాళ్లను కాపాడటం
5. సమాచారం సేకరించడం
6. బ్యూరోలో అనుమతి తీసుకోవడం
7. తప్పించుకునే దారి నడిచి చూడటం
8. హత్య
9. గార్డులను వదిలించుకుని బ్యూరోకు తిరిగి రావడం

ద్వారం దగ్గర కాపలా ఉంటుంది. దగ్గర్లో తెల్లబట్టల్లో పండితుల గుంపు నడుస్తుంటే వాళ్ల మధ్యలో దూరి, కాళ్ల బటన్ పట్టుకోండి. గార్డులు దారి ఇచ్చేస్తారు. గుంపు కనిపించకపోతే చుట్టుపక్కల ఎవరినైనా గార్డులు వేధిస్తున్నారేమో చూడండి. కాపాడితే పండితులు వస్తారు.

గోపురాలెక్కడం వదిలెయ్యకండి. పైకెక్కి తల బటన్ నొక్కితే చుట్టుపక్కల మ్యాప్ తెరుచుకుంటుంది, చేయాల్సిన పనులు దాని మీద గుర్తులుగా వచ్చేస్తాయి. దిగడానికి మళ్లీ గోడ పట్టుకుని పాకక్కర్లేదు. అంచున పావురాలు వాలి ఉన్నచోట నిలబడి దూకితే కింద గడ్డిబండిలో పడతారు. పావురాలు లేని అంచు నుంచి మాత్రం ధైర్యం చేయకండి.

కాపాడటం వల్ల ఏం లాభం అని అడుగుతుంటారు. లాభం ఉంది. కాపాడినవాళ్లను బట్టి ఆ వీధిలో పండితుల గుంపు గానీ, గట్టి మనుషుల గుంపు గానీ చేరుతుంది. పండితులు మిమ్మల్ని కాపలా దాటిస్తారు. గట్టి మనుషులు మీ వెంటపడిన గార్డులను పట్టుకుని ఆపేస్తారు. టార్గెట్ చుట్టుపక్కల వీధుల్లో కనీసం రెండు మూడు చోట్ల ఇలా చేసి పెట్టుకుంటే, తర్వాత పారిపోయేటప్పుడు ఆ వీధులే మీ ప్రాణం కాపాడతాయి.

5. సమాచారం సేకరించడం

అన్నీ చేయాలన్న రూలు లేదు. రెండు మూడు పూర్తయితే బ్యూరో పెద్ద అనుమతి ఇచ్చేస్తాడు. నా మాట వింటే వీలైనన్ని చేయండి. మిగిలినవాటిలోనే పనికొచ్చే మ్యాపులు దొరుకుతుంటాయి.

*చాటుగా వినడం.* అన్నింట్లోకీ సులువు. బెంచీ మీద కూర్చుని, మాట్లాడుకునేవాళ్లను లాక్ చేసి (వాళ్ల మీద గురి పట్టి), తల బటన్ నొక్కడమే.

*జేబు కొట్టడం.* ముందు మాటలు పూర్తిగా విని, వస్తువు ఎవరి దగ్గరుందో చూసుకోండి. అతను కదిలాక కొంచెం దూరం వెంట నడవండి. జనం పలచబడ్డాక సరిగ్గా వెనక్కి చేరి ఖాళీ చెయ్యి బటన్ పట్టుకోండి. తొందరపడి పరుగెత్తితే తిరిగి చూస్తాడు.

*ఆరా తీయడం.* వీధిలో ఉపన్యాసం ఇస్తున్నవాడిని పట్టుకుని కొట్టి నిజం చెప్పించాలి. ఉపన్యాసం అయ్యేదాకా ఆగండి, అక్కడే మొదలుపెడితే గార్డులు చుట్టుముడతారు. అతను నడిచి ఏదో ఒక నిర్మానుష్యమైన సందులోకి వెళ్తాడు. అక్కడ పిడికిళ్లతోనే కొట్టాలి. ఆయుధం తీయకండి, అతను చస్తే సమాచారం కూడా పోయినట్టే.

*సాటి హంతకుల పనులు.* నిర్ణీత టైములో జెండాలు ఏరి తెమ్మంటారు, లేదా ఎవరి కంటా పడకుండా కొందరిని చంపమంటారు. పీసీ వెర్షన్‌లో ఇలాంటి రకాలు ఇంకో 4 కలిపారు: డాబాల మీద పరుగు పందెం, విలుకాళ్లను చంపడం, అంగళ్లు పడగొట్టడం, తోడుగా వెళ్లి ఒకరిని కాపాడటం. చివరిది నాకైతే చిరాకు. ఇంకేదీ దొరక్కపోతేనే ముట్టుకుంటాను.

దొరికినవన్నీ పాజ్ మెనూలోని మెమరీ లాగ్‌లో చేరతాయి. హత్యకు ముందు అది తెరిచి చూడటం మర్చిపోకండి. ఏకర్ ఆసుపత్రిలాంటి చోట కాపలావాళ్ల స్థానాలు ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

6. హత్యకు ముందు రిహార్సల్

బ్యూరోలో అనుమతి గుర్తుగా ఈక ఇచ్చాక నూటికి తొంభైమంది నేరుగా టార్గెట్ దగ్గరకు పోతారు. మీరు పోకండి. ముందు ఆ ప్రాంతం చుట్టూ ఒక రౌండు వెయ్యండి.

చూసుకోవాల్సినవి:

- ఆ చోటు నుంచి బయటకు ఎన్ని దారులున్నాయి, ఏది ఇరుకు
- దగ్గర్లో నిచ్చెన గానీ, ఎక్కడానికి వీలైన గోడ గానీ ఎక్కడుంది
- డాబా మీద విలుకాడు ఉన్నాడా (ఉంటే ఇప్పుడే నిశ్శబ్దంగా పని ముగించండి)
- గడ్డిబండి, డాబా మీద తెరలున్న పందిరి, కూర్చోడానికి బెంచీ: వీటిలో ఏ రెండు దగ్గర్లో ఉన్నాయి
- గట్టి మనుషుల గుంపు ఏ మలుపులో ఉంది
- అక్కడి నుంచి బ్యూరో ఏ దిక్కున ఉంది

ఆ తర్వాత టార్గెట్ చోటు నుంచి దాక్కునే చోటు దాకా ఒకసారి నిజంగానే పరుగెత్తి చూడండి, గార్డులు లేని టైములో. ఎక్కడ కాలు జారుతుందో, ఏ గోడ ఎక్కలేమో ఇప్పుడు తెలిస్తే నష్టం లేదు. గంటలు మోగుతుండగా తెలిస్తే నష్టం.

7. ఒక హత్య మొదటి నుంచి చివరిదాకా: తామిర్

డమాస్కస్ ఆయుధాల బజారులో తామిర్ మీ మొదటి టార్గెట్. పద్ధతి మొత్తం నేర్చుకోవడానికి మంచి పాఠం.

మీరు వెళ్లేసరికి అతను ఒక ముసలి వ్యాపారితో గొడవ పడుతుంటాడు. గొడవ ముదిరి, అందరి ముందూ అతన్ని పొడిచేస్తాడు. ఈలోపు మీరు కదలొద్దు. చాలామంది ఇక్కడే ఆవేశపడి హై ప్రొఫైల్ నొక్కేసి దూకుతారు, చుట్టూ ఉన్న తామిర్ మనుషులు మీద పడతారు.

ఆ తర్వాత తామిర్ బజారులో అంగడి అంగడికీ తిరగడం మొదలుపెడతాడు. ఇదీ మీ అవకాశం. హిడెన్ బ్లేడ్ (మణికట్టు దగ్గర దాచిన చిన్న కత్తి) ఎంచుకోండి. అతన్ని లాక్ చేయండి. మామూలు నడకతో, దారిలో ఉన్నవాళ్లను చేత్తో జరుపుకుంటూ వెనకాల వెళ్లండి. అంగరక్షకులు దగ్గరగా ఉంటే దూరంగా ఆగండి, అంగడి ముందు నిలబడి సరుకు చూస్తున్నవాడిలా ఉండిపోండి. అతను ఒకచోట ఆగి, వీపు మీ వైపు తిప్పినప్పుడు, హై ప్రొఫైల్ నొక్కకుండా, ఒక్క ఆయుధం బటన్ మాత్రమే నొక్కండి. అంతే. పక్కనున్నవాడికి కూడా ఒక క్షణం ఏం జరిగిందో తెలియదు.

చావు మాటలు అయ్యాక తెర మళ్లీ బజారులోకి వస్తుంది. ఊరంతా గంటలు మోగుతాయి. ఈ క్షణంలో ఎవరితోనూ తలపడకండి. ముందే చూసుకున్న దారి వైపు తిరిగి, హై ప్రొఫైల్, కాళ్లు రెండూ నొక్కి పరుగెత్తండి.

8. తప్పించుకోవడం: గుర్తు రంగు చూస్తూ ఉండండి

తెర మూలలో ఉన్న చిన్న గుర్తు రంగులు మారుతుంది. పారిపోయేటప్పుడు వెనక్కి తిరిగి చూసే బదులు దాన్నే చూడండి.

- ఎరుపు: మీరు కనిపిస్తున్నారు, వెంటపడుతున్నారు. ఇప్పుడు దాక్కున్నా లాభం లేదు.
- పసుపు: మీరు వాళ్ల చూపు నుంచి తప్పుకున్నారు. ఇప్పుడే దాక్కోవాలి.
- నీలం: దాక్కున్నారు. కదలకండి.
- ఆకుపచ్చ: వదిలేశారు. మామూలు నడకతో వెళ్లిపోండి.

తొంభై శాతం పొరపాటు మొదటి రంగు దగ్గరే జరుగుతుంది. ఎరుపు ఉండగానే గడ్డిలోకి దూకుతారు, గార్డు వచ్చి బయటకు లాగేస్తాడు. ముందు రెండు మలుపులు తిరగాలి, లేదా డాబా ఎక్కి అవతలి పక్కకు దిగాలి. పసుపు వచ్చిందా, అప్పుడు గడ్డి. పసుపు ఎంతసేపటికీ రాకపోతే గట్టి మనుషుల గుంపు మధ్యలోంచి పరుగెత్తండి. వాళ్లు వెనకాల వచ్చేవాళ్లను పట్టేసుకుంటారు.

వెంటపడుతుండగా బ్యూరోకు పరుగెత్తడం దండగ. పైకప్పు తలుపు మూసేసి ఉంటుంది. ఆకుపచ్చ వచ్చాకే తెరుచుకుంటుంది.

9. పోరాటం తప్పనప్పుడు

వెనక గోడ ఉండేలా నిలబడండి. డాబా అంచున మాత్రం వద్దు, వాళ్లు పట్టుకుని కిందికి విసిరేస్తారు.

హై ప్రొఫైల్ బటన్ పట్టుకుంటే కత్తి అడ్డం పెట్టి కాచుకుంటారు. కథలో కొంచెం ముందుకెళ్లాక ఎదురుదెబ్బ (కౌంటర్) నేర్పుతారు. అప్పటి నుంచి పోరాటం తేలిక. కాచుకుని ఉండి, ఎదుటివాడు కత్తి ఎత్తి దించే క్షణంలో ఆయుధం బటన్ నొక్కండి. అతను ఎత్తినప్పుడు కాదు, దించుతున్నప్పుడు. ఈ తేడా చేతికి రావడానికి మస్యాఫ్ శిక్షణా ప్రాంగణంలో అరగంట గడపండి.

హిడెన్ బ్లేడ్ చేతిలో ఉంటే కాచుకోవడం కుదరదు. పోరాటం మొదలవగానే పెద్ద కత్తికి మార్చండి. విసిరే చిన్న కత్తులు విలుకాళ్ల కోసం దాచుకోండి. అయిపోతే వీధిలో తిరిగే దుండగుల జేబులు కొట్టి నింపుకోవచ్చు.

10. ఇబ్బంది పెట్టే కొందరు టార్గెట్లు

*గార్నియర్, ఏకర్ ఆసుపత్రి.* పండితులతో లోపలికి వెళ్లండి. రోగుల్లో కొందరు తోస్తారు, వాళ్లకు దూరంగా గోడవార నడవండి. అతను ఒక్కో రోగి దగ్గర ఆగుతూ వెళ్తాడు. ఎవరి మీదికో వంగినప్పుడు వెనక నుంచి.

*తలాల్, జెరూసలేం.* ఇక్కడ నిశ్శబ్దంగా చంపాలన్న పట్టుదల వదిలెయ్యండి. అతను పారిపోతాడు, డాబాల మీద వెంటపడాలి. గార్డులతో ఆగి పోరాడితే జారిపోతాడు. అతని మీద లాక్ తీయకుండా పరుగు ఆపకుండా వెళ్లండి.

*మజ్ద్ అద్దీన్, జెరూసలేం.* బహిరంగ శిక్షలు జరుగుతున్న వేదిక. టైము తక్కువ. ముందే చుట్టుపక్కల మనుషులను కాపాడి పండితులను తెచ్చుకున్నవాళ్లకు ఇది చిటికెలో పని. తెచ్చుకోనివాళ్లు గార్డుల వరుసను చీల్చుకుని వెళ్లాలి.

*జుబైర్, డమాస్కస్.* ఒకేలాంటి దుస్తుల్లో చాలామంది ఉంటారు. ఈగిల్ విజన్ (మనుషులను రంగులతో వేరు చేసి చూపించే ప్రత్యేక చూపు) వాడాలి. సింక్రనైజేషన్ గీత నిండుగా ఉండి, మీరు కదలకుండా నిలబడితేనే అది పనిచేస్తుంది. అసలు మనిషి బంగారు రంగులో కనబడతాడు. దెబ్బలు తిని గీత తగ్గించుకుని ఇక్కడికి రాకండి.

*సిబ్రాండ్, ఏకర్ రేవు.* అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు ఇతని గురించే. కారణం కత్తులు కాదు, నీళ్లు. ఈ భాగంలో అల్తాయిర్‌కు ఈత రాదు, నీళ్లలో పడితే చావే. భీమిలి నుంచి భావనపాడు దాకా సముద్రం ఒడ్డున పెరిగిన మనకు ఇది మరీ అవమానం, ఏం చేస్తాం. అతను ఓడ మీద ఉంటాడు. కర్ర గుంజల మీద నుంచి, పడవల మీద నుంచి ఒక్కొక్క దూకు దూకుతూ చేరాలి. ప్రతి దూకుకీ ముందు ఆగండి, కెమెరాను అవతలి గుంజకు సూటిగా తిప్పండి, అప్పుడే దూకండి. ఆగకుండా వరుసగా దూకితే మూడోదో నాలుగోదో పక్కకు పోతుంది. రేవు గట్టు మీద తాగుబోతులు తిరుగుతుంటారు, ఒక్క తోపుతో నీళ్లలో పడేస్తారు. గట్టు అంచున నడవకండి. ఓడ చేరాక తొందరేమీ లేదు. పక్క నుంచి వేలాడుతూ ఎక్కి, అతను తిరిగే దారి చూసి, వీపు కనిపించినప్పుడు వెళ్లండి.

11. తరచూ అడిగేవి

*"డాబా మీద నడుస్తుంటే బాణాలు పడుతున్నాయి."* విలుకాడు ముందు దిగమని అరుస్తాడు. అప్పుడే దిగితే ఏమీ కాదు. దిగను అనుకుంటే అరుపుకి ముందే చిన్న కత్తి విసరండి.

*"పండితులతో వెళ్తున్నా పట్టుకున్నారు."* కాళ్ల బటన్ వదిలేసి ఉంటారు, లేదా గుంపులోంచి ఒక అడుగు బయటపడి ఉంటారు. అప్పటికే గార్డులకు అనుమానం ఉంటే కూడా పనిచేయదు. గుర్తు మామూలుగా మారాక గుంపులో చేరండి.

*"రానురాను గార్డులు మరీ చురుగ్గా ఉంటున్నారు."* అవును. కథ ముందుకెళ్లేకొద్దీ చిన్న తప్పుకే అనుమానిస్తారు. మొదట్లో పరుగెత్తి తప్పించుకున్న వీధుల్లోనే తర్వాత నడవాల్సి వస్తుంది.

*"ప్రాణం గీత ఎలా నింపుకోవాలి?"* మందులేమీ లేవు. ఎవరి కంటా పడకుండా కాసేపు ఉంటే అదే నిండుతుంది.

*"ఆట నుంచి బయటకు రావడానికి ఇన్ని మెనూలా?"* ఇన్ని మెనూలే. అల్తాయిర్ కథంతా ఒక యంత్రంలో చూసే జ్ఞాపకం కాబట్టి ముందు జ్ఞాపకంలోంచి, తర్వాత యంత్రంలోంచి, ఆ తర్వాత ఆటలోంచి బయటకు రావాలి. అమ్మ భోజనానికి రెండోసారి పిలవకముందే మొదలుపెట్టండి.

*"జెండాలన్నీ ఏరాలా?"* మొత్తం 420 ఉన్నాయి. అక్కడక్కడా దాక్కుని ఉండే టెంప్లర్లు (హంతకుల శత్రు సంఘం యోధులు) 60 మంది. జెండాలు ఏరితే కథలో మీకు కలిసొచ్చేదేమీ లేదు. దారిలో కనబడితే తీసుకోండి, వెతుక్కుంటూ పోకండి. టెంప్లర్లు అలా కాదు. ఎదురుదెబ్బ ఇంకా చేతికి రాలేదనుకుంటే ఒంటరిగా నిలబడి ఉన్న ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి సాధన చేసుకోవచ్చు. సిబ్రాండ్ దగ్గరకు వెళ్లేలోపు ఒక పదిమందిని చూసుకుంటే చాలు.